రెండోది దాచుకోవచ్చని చూపిన డాక్టరు

కలకత్తాలో 1978 అక్టోబర్ 3న, దసరా పండగ వేళ, ఓ ఆడపిల్ల పుట్టింది. అందరూ దుర్గ అన్నారు. ఏళ్లు గడిచినా కడుపు పండని ఓ ఇల్లాలికి, ఒంటి బయట గాజు గిన్నెలో ప్రాణం పోసుకుని, ఆ తర్వాతే గర్భసంచిలోకి చేరిన పాప. అలా పుట్టిన ప్రపంచపు మొదటి బిడ్డ ఇంగ్లండులో లూయీ బ్రౌన్. ఆమె పుట్టింది అదే ఏడాది జులై 25న. మన దుర్గ ఆమె కన్నా 70 రోజులు చిన్నది. అంతే!

లూయీ పుట్టుక వెనుక ఉన్న శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కి 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. మరి దుర్గ పుట్టుక వెనుక ఉన్న డాక్టరుకి ఏమొచ్చింది? విచారణ కమిటీ వచ్చింది. అవమానం వచ్చింది. బదిలీ మీద బదిలీ వచ్చింది. ఆయనే డాక్టర్ సుభాష్ ముఖర్జీ.

బెంగాలీ డాక్టరు కథ నెల్లూరు సముద్రపొడ్డున ఉండే మనకెందుకు అంటారా? మన ఊళ్ల నుంచి రైలెక్కి పిల్లల కోసం చెన్నై ఆస్పత్రులకు పోయే ఆడపిల్లలు ఇప్పుడు ఎంతమందో! ఎవరైనా ఎదురైతే తిరుపతికి పోతున్నామని చెప్పి పోయేవాళ్లూ ఉన్నారు. అంత దూరం పోయి, అన్ని సూదులు పొడిపించుకున్నాక, చివర్లో డాక్టరమ్మ ఒక ప్రశ్న అడుగుతుంది. పిండాలు ఇన్ని తయారయ్యాయి, లోపల ఎన్ని పెట్టమంటారు... ఒకటా, రెండా? ఒకటి చాలు, మిగతావి దాచండి అని ఆ పిల్ల ఈరోజు చెప్పగలుగుతోందంటే, ఆ దారి తొక్కిన మొదటి మనిషి ఈ సుభాష్ ముఖర్జీయే. అందుకే ఆయన గురించి చెప్పుకోవాలి.

హజారీబాగ్ నుంచి ఎడిన్‌బరో దాకా

సుభాష్ 1931 జనవరి 16న హజారీబాగ్‌లో పుట్టారు. అప్పట్లో అది బీహార్, ఇప్పుడు జార్ఖండ్. కలకత్తాలోని నేషనల్ మెడికల్ కాలేజీలో డాక్టరీ చదివి 1955లో పట్టా పుచ్చుకున్నారు. చాలామందిలా బోర్డు కట్టి ప్రాక్టీసు పెట్టుకుని ఉంటే హాయిగా బతికేవారే. కానీ ఆయన మనసు పరిశోధన మీద ఉంది. ఆడవాళ్ల ఒంట్లో నెలనెలా జరిగే మార్పులు, హార్మోన్లు, గర్భం నిలవడం, నిలవకపోవడం... వీటి మీదే పని చేసి 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్నారు. అది చాలదన్నట్టు స్కాట్లండులోని ఎడిన్‌బరో వెళ్లి, హార్మోన్ల మీదే 1967లో రెండో డాక్టరేటు కూడా సంపాదించారు.

అక్కడే ఉండిపోయే వీలున్నా తిరిగొచ్చి, ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన సాగించారు. భార్య నమిత బడిలో టీచరు. ఆయనకు పెద్ద లేబొరేటరీ లేదు, విదేశీ నిధులు లేవు. తోడుగా ఉన్నది ఇద్దరు. ఆహార పదార్థాలను చల్లబరిచి నిలవచేసే విద్య తెలిసిన సునీత్ ముఖర్జీ ఒకరు, ఆడవాళ్ల వైద్యంలో చెయ్యి తిరిగిన డాక్టర్ సరోజ్ కాంతి భట్టాచార్య మరొకరు. తిండి పదార్థాలు నిలవబెట్టే ఆయనకీ పిల్లలు పుట్టించడానికీ ఏమిటి సంబంధం అనిపిస్తోందా? అసలు కిటుకు అక్కడే ఉంది.

తొందరపడని ఆలోచన

ఇంగ్లండు వాళ్లు లూయీ విషయంలో చేసిందేమిటంటే, తల్లికి ఆ నెలలో సహజంగా తయారైన ఒకే ఒక్క అండాన్ని తీసి, బయట ఫలదీకరణ చేసి, ఆ ఒక్క పిండాన్నే లోపల పెట్టారు. గమనించండి, మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ ఒకే పిండంతో పుట్టిన బిడ్డ!

సుభాష్ దారి వేరు. ఆయన ముందు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు ఎదిగేలా చేశారు. వాటిని కింది దారి నుంచే, యోని గుండా, తీశారు. బయట పిండాలుగా మార్చారు. ఇక్కడే ఆయన బుర్రకు ఒక సంగతి తట్టింది. ఇన్ని మందులు పడ్డ నెలలో గర్భసంచి లోపలి పొర పిండాన్ని పట్టుకునే స్థితిలో ఉండకపోవచ్చు. ఇల్లు సర్దకముందే చుట్టాన్ని పిలిస్తే ఎలా? అందుకని పిండాలను చల్లబరిచి గడ్డకట్టించి దాచారు. 53 రోజులు ఆగారు. తల్లి ఒళ్లు మళ్లీ మామూలుగా కుదురుకున్నాక, సహజమైన నెలలో కరిగించి లోపల పెట్టారు. పిండం నిలిచింది. దుర్గ పుట్టింది.

మందులతో ఎక్కువ అండాలు, యోని గుండా తీయడం, పిండాన్ని దాచి మరో నెలలో పెట్టడం. ఈ మూడూ ఇవాళ ఏ సంతాన సాఫల్య కేంద్రానికి పోయినా మామూలుగా జరిగేవే. దాచిన పిండంతో ఆస్ట్రేలియాలో బిడ్డ పుట్టింది 1984లో. చాలాకాలం అదే మొదటిదని లోకం అనుకుంది. మన కలకత్తా డాక్టరు అంతకు ఆరేళ్ల ముందే ఆ పని చేసి, తన పద్ధతిని అదే 1978లో ఓ భారతీయ పత్రికలో రాసి మరీ పెట్టారు. చదివి అర్థం చేసుకున్నవాళ్లే లేకపోయారు.

కమిటీ ముందు

కబురు బయటికొచ్చాక మెచ్చుకోవాల్సింది పోయి, 1978 నవంబర్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. దాని పెద్ద ఎవరో తెలుసా? రేడియో తరంగాల శాస్త్రం చదివిన ప్రొఫెసర్! పిండాల గురించి తెలిసినవాళ్లు అందులో లేరు. కరెంటు పోతే ఆ పిండాలేమయ్యేవి అన్నంత వరకూ ప్రశ్నలు పోయాయని చెబుతారు. చివరికి ఇదంతా నమ్మదగ్గది కాదని కమిటీ తేల్చేసింది.

మరి బిడ్డ కళ్లెదుటే ఉంది కదా, చూపించొచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది ఆడవాళ్లం అందరం ఆలోచించాల్సిన విషయం. దుర్గ తల్లిదండ్రులది కట్టుబాట్లున్న కుటుంబం. ఇలా పుట్టిన పిల్ల అని తెలిస్తే నలుగురూ ఏమంటారో, రేపు పిల్లకు పెళ్లవుతుందో లేదో అని భయపడ్డారు. వాళ్ల గుట్టు కాపాడటం డాక్టరుగా తన బాధ్యత అనుకున్నారు సుభాష్. తన మాట నిజమని నిరూపించే సాక్ష్యం చేతిలో ఉండి కూడా బయటపెట్టలేదు. గొడ్రాలు అనే ఒక్క మాటకు మన సమాజంలో ఉన్న పదును ఆ తల్లినే కాదు, ఆమెకు బిడ్డనిచ్చిన డాక్టరునూ కోసింది.

1979లో జపాన్‌లోని క్యోటో నుంచి పిలుపొచ్చింది, వచ్చి మీ పని గురించి చెప్పమని. ప్రభుత్వం వెళ్లనివ్వలేదు. బాంకురా కాలేజీలో పని చేస్తూ, పరిశోధన కోసం కలకత్తాకు తిరుగుతూ నలిగిపోయారు. గుండెపోటు వచ్చింది. 1981 జూన్‌లో ఆయన్ని కంటి ఆస్పత్రికి బదిలీ చేశారు. గర్భం మీద జీవితమంతా ధారపోసిన మనిషికి కళ్ల విభాగంలో కుర్చీ! ఆ నెల 19న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. బడి నుంచి ఇంటికొచ్చిన నమితకు ఎదురైంది భర్త శవం. ఆయనకప్పుడు 50 ఏళ్లు.

నాకు ఈ కథ మొదట సినిమాగా తెలుసు. తపన్ సిన్హా 1990లో తీసిన ఏక్ డాక్టర్ కీ మౌత్. పంకజ్ కపూర్ డాక్టరు, షబానా ఆజ్మీ భార్య. అందులో డాక్టరు కనిపెట్టేది కుష్ఠు రోగానికి టీకా, అందుకని అసలు మనిషి ఎవరో నాకు అప్పుడు తెలియలేదు. తెలిశాక ఆ ఇల్లాలి ముఖం మళ్లీ గుర్తొచ్చింది.

ఒకటా, రెండా?

ఇక మన సంగతికొద్దాం. మా అక్క కూతురిది కావలి దగ్గర సముద్రపు ఊరు. వాళ్లాయన రొయ్యపిల్లల హేచరీలో పని చేస్తాడు. పెళ్లయి ఏడేళ్లు. చెన్నైలో వైద్యం చేయించుకుంటే నాలుగు పిండాలు బాగా ఎదిగాయి. వయసు 29 కాబట్టి ఒకటి పెడితే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. రెండు కావాలంటే రాసిచ్చి సంతకం పెట్టమంది. ఆ రాత్రి పిల్ల నాకు ఫోన్ చేసి ఏం చేసేది పిన్నమ్మా అని ఒకటే ఏడుపు.

ఇంట్లో అందరూ రెండు పెట్టించుకోమనే. వాళ్ల అత్తమ్మ మాట మరీ గట్టిది. ఇంత డబ్బు పోస్తా ఉండాం, ఇద్దరు పుడితే ఒకే కాన్పుతో పనైపోతుంది, ఒక్క దెబ్బకు రెండు పిట్టలు కదా అంటుంది ఆమె. ఆవిడ చెడ్డది కాదు. అప్పు తెచ్చి వైద్యం చేయించే ప్రతి ఇంట్లోనూ వచ్చే మాటే అది. ఒకటి పెట్టి పోగొట్టుకుంటే? రెండు పెడితే ఒకటైనా మిగులుతుంది కదా అన్న ఆశ. దాన్ని తప్పు పట్టలేం.

ఆశ్చర్యం ఏమిటంటే, పిల్లకు ధైర్యం చెప్పింది వాళ్లాయనే. రొయ్యల చెరువుల సంగతి మన తీరంలో ఎవరికి తెలియదు? సీడు ఎంత ఎక్కువ పోస్తే అంత పంట అనుకుని ఎగబడ్డ రోజులు చూశాం. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చి కండలేరు పక్క చెరువులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో కూడా చూశాం. నీళ్లు ఎన్నింటిని మోయగలవో చూసే పిల్లల్ని వదలాలి అన్నాడట ఆ అబ్బాయి. మనిషి కడుపును చెరువుతో పోల్చకూడదు, నిజమే. కానీ ఆ మాటలో అర్థం ఉంది. గర్భసంచి ఉన్నది మామూలుగా ఒక్క బిడ్డను మోయడానికి.

ఇద్దరైతే ఏమవుతుంది? కవలల్లో సగం మందికి పైగా నెలలు నిండకముందే పుడతారు. బరువు తక్కువ. ఊపిరితిత్తులు సరిగా ఎదగక గాజుపెట్టెలో రోజుల తరబడి ఉంచాల్సి రావచ్చు. తల్లికి బీపీ, షుగర్, కాన్పులో రక్తస్రావం, సిజేరియన్... అన్నీ ఎక్కువే. ఒక్క ఖర్చుతో ఇద్దరు అనుకున్నది గాజుపెట్టె బిల్లు చూసేసరికి తల్లకిందులవుతుంది. ముగ్గురు పడితే మరీ కష్టం. ఒక పిండాన్ని తీసేయాల్సి వస్తే, బిడ్డ కోసం అన్నేళ్లు మొక్కిన తల్లి ఆ మాట ఎలా తట్టుకుంటుంది?

కవల పిల్లల్ని చక్కగా పెంచుకుంటున్న తల్లులు మన చుట్టూ బోలెడంతమంది. వాళ్లను చూసి ముచ్చటపడదాం. కానీ కావాలని ఆ ప్రమాదంలోకి దిగడం వేరు.

మరి ఒకటే పెడితే బిడ్డ పుట్టే అవకాశం తగ్గిపోదా? దీన్ని స్వీడన్, నార్వే, డెన్మార్క్ డాక్టర్లు పరీక్షించి చూసి 2004లో ఫలితం ప్రకటించారు. 36 ఏళ్ల లోపు ఆడవాళ్లు 661 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండు పిండాలు ఒకేసారి పెట్టారు. ఇంకో జట్టుకు ముందు ఒకటి పెట్టి, అది నిలిచి కాన్పు దాకా రాకపోతే దాచిన రెండోదాన్ని కరిగించి పెట్టారు. రెండు జట్లకూ వాడింది రెండు పిండాలే. మొదటి జట్టులో నూటికి 43 మందికి బిడ్డలు పుట్టారు, రెండో జట్టులో నూటికి 39 మందికి. తేడా నాలుగు! కానీ కవలల లెక్క చూడండి. మొదటి జట్టు కాన్పుల్లో నూటికి 33 కవలలు. రెండో జట్టులో నూటికి ఒకటి కూడా లేదు.

అంటే ఒకటి పెట్టడమంటే రెండోదాన్ని పారేసుకోవడం కాదు. దాచుకోవడం. దాచే వీలు లేకపోతే ఈ లెక్కే లేదు. ఉన్నవన్నీ ఒకేసారి పెట్టేయడం తప్ప దారి ఉండేది కాదు. 53 రోజులు ఆగి చూపిన సుభాష్ ముఖర్జీ ఆలోచన విలువ ఇక్కడ తెలుస్తుంది.

మా పిల్ల ఒకటే పెట్టించుకుంది. అది నిలవలేదు. రెండు వారాల తర్వాత రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని తిరుగు రైల్లో వచ్చింది. ఇంట్లో వాళ్ల ముఖాల్లో మేం అప్పుడే చెప్పలా అన్న మాట కనిపించిందట. రెండు పెట్టి ఉంటే రెండోది నిలిచేదేమో, ఎవరు చెప్పగలరు? రెండూ పోయి ఉండేవేమో కూడా! ఇప్పటికైతే మూడు పిండాలు భద్రంగా ఉన్నాయి. కొంచెం తేరుకుని మళ్లీ పోతానంటోంది. ఈసారీ ఒకటేనట. ఇప్పుడు ఆ మాట చెప్పేటప్పుడు దాని గొంతులో ఏడుపు లేదు.

ఆలస్యంగా వచ్చిన న్యాయం

మళ్లీ కలకత్తాకు పోదాం. 1986 ఆగస్టు 6న బొంబాయిలో డాక్టర్ ఇందిరా హిందుజా, శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ కృషితో హర్ష అనే పాప పుట్టింది. దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ అని పత్రికలన్నీ రాశాయి. పదకొండేళ్లకు, 1997లో, కలకత్తాలో జరిగిన సదస్సుకు వెళ్లిన ఆనంద్ కుమార్ చేతికి సుభాష్ రాసుకున్న కాగితాలు అందాయి. కూర్చుని ఒక్కో పుటా చదివారు. దుర్గ తల్లిదండ్రులతో మాట్లాడారు. మొదటివాణ్ని నేను కాదు, సుభాష్ ముఖర్జీయే అని తానే లోకానికి చెప్పారు. తన పేరు మీద ఉన్న కిరీటాన్ని తన చేత్తో తీసి చనిపోయిన మనిషి తల మీద పెట్టడం ఎంతమందికి సాధ్యం?

2002లో భారత వైద్య పరిశోధన మండలి కూడా ఆయన పనిని గుర్తించింది. దుర్గ తన 25వ పుట్టినరోజున నలుగురి ముందుకు వచ్చి ఆ బిడ్డను నేనేనని చెప్పింది. తండ్రిలాంటి ఆ డాక్టరు వినడానికి లేరు.

ఇప్పుడు మనకు చట్టమూ ఉంది. 2021లో వచ్చి 2022 జనవరి నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, మన లిఖిత అనుమతి లేకుండా ఏ ఆస్పత్రీ పిండాలను గడ్డకట్టించి దాచకూడదు. దాచే గడువు పదేళ్లు. ఒకసారికి మూడింటికి మించి పెట్టొద్దని 2005లోనే వైద్య పరిశోధన మండలి సూచించింది, ప్రత్యేక సందర్భాల్లో తప్ప. అద్దె గర్భం విషయంలో 2022 నిబంధనలు ఇంకా ముందుకెళ్లి, మామూలుగా ఒకటే పెట్టాలన్నాయి. స్వీడన్, బెల్జియం దేశాలు 2003లోనే ఆ దారి పట్టాయి.

మీరుగానీ, మీ ఇంటి పిల్లగానీ ఆ గదిలో కూర్చోవాల్సి వస్తే మొహమాటపడకుండా ఇవి అడగండి.

* పిండాలు ఎన్ని? వాటి నాణ్యత ఎలా ఉంది? మూడో రోజు పెడతారా, ఐదో రోజా? ఐదో రోజు దాకా ఎదిగిన పిండం నిలిచే అవకాశం ఎక్కువ.

* నా వయసుకు, నా ఆరోగ్యానికి ఎన్ని పెట్టడం మంచిది? 37, 38 దాటినా, ముందు చాలాసార్లు విఫలమైనా డాక్టర్లు రెండు పెట్టమనవచ్చు. అది అందరికీ ఒకే లెక్క కాదు.

* ఎత్తు తక్కువ, బీపీ, షుగర్, గతంలో సిజేరియన్, గర్భసంచిలో లోపం ఉంటే కవలలను మోయడం నాకెంత ప్రమాదం?

* మిగిలినవి దాచడానికి ఏడాదికి ఎంత? మళ్లీ పెట్టడానికి ఎంత? ఈ లెక్క మొదటే కాగితం మీద రాయించుకోండి.

* కరిగించాక పిండం బతికి ఉండే అవకాశం మీ ఆస్పత్రిలో ఎంత?

* సంతకం పెట్టేముందు ఆ కాగితం తెలుగులో చదివి వినిపిస్తారా?

ఒకటి పెట్టినా అది రెండుగా చీలి కవలలయ్యే అవకాశం అరుదుగా ఉంటుంది, అది మన చేతిలో లేదు. ఎన్ని పెట్టాలన్నది మాత్రం మన చేతిలోనూ ఉంది. అత్తమ్మ ఆశ, ఆయన అప్పు, చుట్టాల మాట అన్నీ వినండి. కానీ మోయాల్సింది మీ ఒళ్లు.

ఇవాళ ఏ కేంద్రానికి వెళ్లినా ద్రవ నత్రజనిలో, సున్నాకు 196 డిగ్రీల కింద, చిన్న చిన్న గొట్టాల్లో ఎవరెవరి ఆశలో నిద్రపోతూ ఉంటాయి. వాటిని అలా నిద్రపుచ్చి మళ్లీ లేపవచ్చని మన దేశంలో మొదట నమ్మినాయన్ని ఆయన కాలం నమ్మలేదు. కనీసం మన ఆడపిల్లలకైనా ఆ పేరు తెలియాలి.